సంతానం ఒక అమానత్: వంశపు జబ్బును దాచిపెట్టవద్దు

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన దాసుడు, అంతిమ సందేశహరుడు అయిన హజ్రత్ ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం పైనా, వారి కుటుంబీకుల పైనా, సహాబాలందరి పైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక.

 

దైవప్రవక్త (స) ఒకనాడు మదీనా బజారులో నడుస్తూ ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగారు. రాశిలోకి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. ఇదేమిటని అడుగగా, వాన పడిందని ఆ వ్యాపారి చెప్పాడు. అలాగైతే ఆ తడి భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వారు నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాడని ప్రకటించారు. ముస్లిం హదీసు గ్రంథంలో నమోదైన ఈ వృత్తాంతం శనగ పండించే మన మండలంలో అర్థం కానివారుండరు. కళ్లంలో తడిసిన శనగను గోతం అడుగున పోసి, పైన పొడి గింజలు పరచిన కథలు మనలో చాలామందికి తెలుసు. అయితే ఈ హదీసును మనం ఎప్పుడూ వ్యాపారానికే ముడిపెట్టి చెప్పుకుంటాం. దానిని ఇంటికి, నిఖా మాటలకు, బిడ్డల ఆరోగ్యానికి అన్వయించి చెప్పవలసిన అవసరం మాకు ఈ మధ్య కలిగింది.

గడచిన రంజాన్‌కు కొన్ని నెలల ముందు ఈ ప్రాంతానికే చెందిన ఒక యువకుడు అసర్ నమాజు తరువాత మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. అతని అనుమతితోనే ఈ మాటలు చెబుతున్నాము. ఊరు, పేరు చెప్పము. మీరు ఊహించే ప్రయత్నమూ చేయవద్దు. అతనికి ఇద్దరు బిడ్డలు. పెద్దది కూతురు. ఏడాది నిండిన కొద్దికాలానికే నడిచింది, అబ్బా అని పిలిచింది. రెండో ఏడు వచ్చాక నడక తడబడింది. గోడ పట్టుకోనిదే నిలబడలేకపోయింది. కాళ్లు బిగుసుకుపోయాయి. ఆపై, వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోయాయి. దిష్టి తగిలిందన్నారు, జిన్ను పట్టిందన్నారు, తల్లి పాలలో బలం లేదన్నారు. తాయెత్తులయ్యాయి, పసర్లయ్యాయి. చివరకు ఒక మహానగరంలో మూలకణాలు ఎక్కిస్తే చచ్చిన నరాలు మళ్లీ మొలుస్తాయని ఎవరో చెప్పగా, విడతకు కొన్ని లక్షల చొప్పున మూడు విడతలు ఆ పసిబిడ్డ వెన్నులో సూదులు వేయించారు. కుందూ దగ్గరి రెండెకరాల నల్లరేగడి పోయింది. భార్య నగలు ప్రొద్దుటూరులో అమ్మారు, పెళ్లికి కొన్న అంగడిలోనే. బిడ్డలో మార్పు రాలేదు.

ఆ తరువాత రాయవేలూరులో పరీక్షలు చేసిన వైద్యులు జబ్బు పేరు చెప్పారు. చెప్పి, ఈ పాపకు తమ్ముడున్నాడు గదా, వాడికి పరీక్ష చేయించారా అని అడిగారు. అప్పటికి వాడు ఎనిమిది నెలలవాడు. అన్ని చోట్ల తిరిగినా, అంత సొమ్ము పుచ్చుకున్న చోట కూడా, ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు.

అయితే ఆ యువకుడు మా దగ్గరకు వచ్చింది కొడుకు సంగతి మాట్లాడటానికి కాదు. తన ఖాలా ఇంట్లో ముప్పై ఏళ్ల క్రితం ఇద్దరు పిల్లలు ఇదే తీరున పోయారని అతనికి అప్పుడే తెలిసింది. పెద్దలందరికీ ముందే తెలుసు. ఇంట్లో ఆడపిల్లల నిఖాలు ఆగిపోతాయని నోరు మెదపలేదు. అతను చేసుకున్నది మేనమామ కూతురిని. ఇప్పుడు అతని చెల్లెలికి అదే వంశంలో సంబంధం కుదురుతున్నది. వరుని వారికి ఈ సంగతి చెప్పాలా, మానాలా? ఇదీ అతను అడిగిన మసలా. ఆ ప్రశ్నకు జవాబు రెండవ ఖుత్బాలో చెబుతాము. ముందుగా ఈ జబ్బు ఏమిటో, దానికి చికిత్స అని చెప్పబడుతున్నది ఏమిటో తెలుసుకోవాలి. తెలియనిదే ఫత్వా పనికిరాదు.

సోదరులారా! కరెంటు తీగకు పైన రబ్బరు తొడుగు ఉన్నట్లే మన నరాలకూ అల్లాహ్ ఒక కొవ్వు తొడుగు కల్పించాడు. ఆ తొడుగులోని కొన్ని పదార్థాలు పాతబడి విరిగిపోతూ, కొత్తవి ఏర్పడుతూ ఉంటాయి. విరిగినదానిని శుభ్రం చేసే ఒక ఎంజైము పుట్టుకతోనే లోపిస్తే, ఆ వ్యర్థం పోగుపడి తొడుగునే తినివేస్తుంది. మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అనే జబ్బులో జరిగేది ఇదే. ఆ యువకుని కూతురికి వచ్చినదీ ఇదే. పేరు నోరు తిరగదు. దీనిని పిల్లల నరాల తొడుగు జబ్బు అని పిలుచుకుందాం. తరచుగా కనిపించే రూపంలో ఇది రెండున్నర ఏళ్లలోపే బయటపడుతుంది. పుట్టినప్పుడు బిడ్డ అందరిలాగే ఉంటాడు. నడక నేర్చి, ఆ నడకను మరచిపోతాడు. తల్లిదండ్రుల గుండె పగిలేది అక్కడే.

ఇది తండ్రి నుండి సగం, తల్లి నుండి సగం వస్తుంది. ఒక్కరి నుండి మాత్రమే లోపం వస్తే జబ్బు రాదు. ఆ మనిషి జీవితమంతా ఆరోగ్యంగానే ఉంటాడు. వైద్యులు అలాంటి వారిని వాహకులు అంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదని కొందరు లెక్క వేసుకుంటారు. అది తప్పు. లెక్క ప్రతి కాన్పుకూ కొత్తగా మొదలవుతుంది.

మరి చికిత్స? రోగం ఇచ్చిన అల్లాహ్ దాని మందునూ దించాడని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. ఆ మందు కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు అని కూడా వారు తెలిపారు. వెతకడం మన పని. వెతికినవారికి కొంత దొరికింది. మన ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయి. వాటి సంతతిలో కొన్ని కణాలు రక్తంతో ప్రయాణించి మెదడులో స్థిరపడగలవు. ఆరోగ్యవంతుడైన దాత మూలుగను బిడ్డకు ఎక్కిస్తే, ఆ కణాలు లోపించిన ఎంజైమును మెదడులోనే తయారు చేస్తాయన్న ఆశతో దశాబ్దాలుగా చికిత్సలు జరిగాయి. వేగం తక్కువైన రూపాలలో కొంత మేలు కనిపించింది. పసివయసులో వచ్చే వేగవంతమైన రూపంలో, కణాలు మెదడుకు చేరి పని మొదలుపెట్టేలోగా జబ్బే గెలుస్తూ వచ్చింది.

ఇటలీలోని మిలాన్ నగరంలో, శాన్ రఫాయెలే ఆసుపత్రి, టెలిథాన్ సంస్థల పరిశోధకులు మరొక దారి తొక్కారు. బిడ్డ సొంత మూలకణాలనే తీసి, కీడు చేయలేని విధంగా మార్చిన ఒక వైరస్ ద్వారా వాటిలోకి సరైన జన్యువును పంపి, బలమైన మందుతో మూలుగలో చోటు ఖాళీ చేసి, ఆ కణాలను తిరిగి ఎక్కించారు. మొదటి ముగ్గురు పిల్లల ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి. జబ్బు మొదలు కావలసిన వయసు దాటినా ఆ పిల్లలు నిలకడగా ఉన్నారు. 2020 డిసెంబరులో ఐరోపాలో, 2024 మార్చిలో అమెరికాలో ఈ చికిత్సకు అనుమతి లభించింది. అమెరికాలో దాని ధర 42.5 లక్షల డాలర్లు. మన రూపాయలలో సుమారు 35 కోట్లు. సుబ్‌హానల్లాహ్! మన మండలంలోని ఎన్ని పొలాలు అమ్మితే ఆ సొమ్ము వస్తుంది?

కానీ ధర కన్నా ముందు మీరు గ్రహించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ ముగ్గురు పిల్లలకూ చికిత్స జరిగినప్పుడు జబ్బు ఇంకా పైకి కనిపించలేదు. మరి వారికి జబ్బు ఉన్నట్లు ఎలా తెలిసింది? వారికన్నా ముందు పుట్టిన తోబుట్టువులకు వచ్చింది కాబట్టి! పెద్ద బిడ్డను పోగొట్టుకుంటున్న తల్లిదండ్రులు చిన్న బిడ్డకు పరీక్ష చేయించారు. ఇప్పటికీ ఆ చికిత్స లక్షణాలు రాకముందు, లేదా కొన్ని రూపాలలో మరీ తొలి దశలో ఉన్న పిల్లలకే. నడక పోయిన బిడ్డకు దానిని తిరిగి ఇవ్వగల మూలకణ చికిత్స ఈనాటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. కరిగిపోయిన తొడుగును ఏ సూదీ మళ్లీ తొడగలేదు. ఈ ఒక్క మాట ముందుగా తెలిసి ఉంటే ఆ యువకుని రెండెకరాలు అతనికి మిగిలేవి.

ఇక మూలకణాలు హలాలా, హరామా అని చదువుకున్న యువకులు అడుగుతున్నారు. దీనిపై ఉలమా ఏనాడో చర్చించారు. మెదడు, నరాల కణజాలం మార్పిడిపై జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1990 మార్చిలోనే తీర్మానం చేసింది. మక్కాలోని ఇస్లామిక్ ఫిఖ్హ్ కౌన్సిల్ 2003 డిసెంబరు సమావేశంలో మూలకణాల విషయం ప్రత్యేకంగా తీసుకుంది. రోగి సొంత కణాలు, హాని కలుగని విధంగా సమ్మతితో దాత ఇచ్చిన కణాలు, బొడ్డుతాడు రక్తం, తనంతట తాను పడిపోయిన పిండం నుండి తల్లిదండ్రుల అనుమతితో తీసుకున్నవి సమ్మతమే. కణాల కోసం కావాలని గర్భస్రావం చేయించి తీసుకున్నవి సమ్మతం కావు. కాబట్టి మూలుగ మార్పిడి విషయంలో మీ మనసులో శంక అవసరం లేదు. చెల్లెలికి అన్న మూలుగ ఇవ్వడం గొప్ప సదఖా.

బొడ్డుతాడు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు సాగుతాము. కాన్పు సమయంలో బొడ్డుతాడు రక్తం దాచిపెడతామని, రేపు బిడ్డకు ఏ జబ్బు వచ్చినా అదే మందని సొమ్ము కట్టించుకునే వారున్నారు. వంశపారంపర్య జబ్బు విషయంలో ఆ బిడ్డ సొంత రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. ఆ సీసా ఈ జబ్బుకు మందు కాజాలదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు తెలుపుతున్నది. మన ఫుఖహా దాని ఆధారంగా పరిహారపు మసలాలు కూడా రాశారు. దేశపు చట్టాలూ, నియమాలూ ఈ విషయంలో మన పక్షానే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తాన్ని పుట్టించే మూలకణాల మార్పిడి మాత్రమే, అదీ నిర్ణయించిన కొన్ని జబ్బులకు మాత్రమే, అంగీకరించిన చికిత్స. మిగిలినదంతా పరిశోధన. పరిశోధన అయితే అది జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, రోగి నుండి రుసుము తీసుకోరాదు. అందుచేత ఎవరైనా మూలకణాల సూది అన్నప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: నమోదు సంఖ్య ఎంత? నా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? ఈ రెండింటికి సూటిగా జవాబు రాకపోతే అక్కడి నుండి లేచి రండి. గోడమీద ఎన్ని పటాలున్నా సరే, ఎంత మృదువుగా మాట్లాడినా సరే.

మా ఈ మాటలు ఇంతటితో ముగిస్తూ, మా కొరకు, మీ కొరకు అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన ప్రవక్త (స)పై దరూద్ పంపుతూ తిరిగి ఆరంభిస్తున్నాము.

సోదరులారా! ఆ యువకుని ప్రశ్నకు జవాబు మా సొంతం కాదు. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు రెండు సంబంధాలు వచ్చినప్పుడు ఆమె దైవప్రవక్త (స)ను సలహా అడిగారు. వారు ఆ ఇద్దరు వరులలోని లోపాలను దాచకుండా చెప్పారు. ఒకరి పేదరికాన్ని, మరొకరి కఠిన స్వభావాన్ని. ఇద్దరూ సహాబాలే. మామూలుగా పరోక్షనింద అనిపించే మాట నిఖా సలహాలో బాధ్యత అవుతుందని ఉలమా ఈ హదీసు నుండి గ్రహించారు. కాబట్టి చెప్పమని అతనికి చెప్పాము. ఊరంతా చాటమని కాదు. సంబంధం కలుపుకొంటున్న వారికి, ఇద్దరు పెద్దల సమక్షంలో, గౌరవంగా.

వరుని తండ్రి మొదట కోపించాడు. నెల రోజులు మాటలు లేవు. తరువాత ఆ పెద్దమనిషే ఫోను చేసి పరీక్షలకు ఒప్పుకున్నాడు. వరుడు వాహకుడని, ఈ అమ్మాయి కాదని తేలింది. అంటే వారి సంతానానికి ఈ జబ్బు రాదు. నిఖా జరిగింది, వలీమాలో మేమూ భోజనం చేశాము. దాచి చేసినా ఈ పెళ్లి జరిగేదే గదా అని మీరనవచ్చు. జరిగేది. కానీ అమ్మాయి కూడా వాహకురాలై ఉంటే?

ఎనిమిది నెలల ఆ పసివాడి పరీక్ష కూడా వచ్చింది. అల్లాహ్ దయవల్ల వాడికి జబ్బు లేదు. తల్లిదండ్రుల లాగే వాహకుడు మాత్రమే. వాడు పెద్దవాడయ్యాక ఆ సంగతి వాడికి చెప్పవలసిన బాధ్యత ఆ తండ్రిపై ఉంది.

దగ్గరి సంబంధాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో సుమారు నాలుగో వంతు వివాహాలు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. మేనరికం హిందూ సోదరులలోనూ ఉంది, మనలోనూ ఉంది. మేనమామ, చిన్నాన్నల బిడ్డలను చేసుకోవడం షరీఅత్‌లో ధర్మసమ్మతం. స్వయంగా దైవప్రవక్త (స) తమ మేనత్త కుమార్తె అయిన హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి)ను వివాహమాడారు. దానిని ఎవరూ నిషిద్ధం అనలేరు, మేమూ అనము. అయితే అనుమతి వేరు, ఆజ్ఞ వేరు. ఇమామ్ గజాలీ (రహ్) తమ ఇహ్యాఉ ఉలూమిద్దీన్‌లో నిఖా మర్యాదలు వివరిస్తూ, వధువు మరీ దగ్గరి బంధువు కాకపోవడాన్ని కోరదగిన గుణాలలో ఒకటిగా లెక్కించారు. ఆ సందర్భంలో ఉదహరించే రివాయతు బలహీనమైనదని ముహద్దిసులు తేల్చారు గనుక ఆ మాటను మేము దైవప్రవక్త (స)కు ఆపాదించము. అయినా తొమ్మిది వందల సంవత్సరాల క్రితపు ఆ ఇమామ్ చూపు ఎంత దూరం పోయిందో గమనించండి.

మేము కోరేది ఇంతే: వంశంలో ఇలాంటి జబ్బు ఒక్కసారి కనిపించి ఉంటే, దగ్గరి సంబంధం ఖాయం చేసుకోవడానికి ముందు జన్యు వైద్యుని సలహా తీసుకోండి. సౌదీ అరేబియాలో 2004 నుండి పెళ్లికి ముందు రక్తపు జబ్బుల పరీక్ష తప్పనిసరి. కువైట్‌లో పెళ్లికి ముందు వైద్య పరీక్షకు 2008లో చట్టం వచ్చింది. మన జిల్లా నుండి కువైట్‌కు పోయి పనిచేస్తున్న ఇళ్లు ఎన్ని లేవు? అక్కడి బంగారం తెచ్చుకుంటున్నాం, అక్కడి అత్తరు తెచ్చుకుంటున్నాం. ఈ మంచి అలవాటు కూడా తెచ్చుకుంటే తప్పేముంది?

ఇంకొక మాట చెప్పకపోతే మేము అల్లాహ్ ముందు దోషులమవుతాము. ఇలాంటి బిడ్డ పుట్టగానే తల్లిని నిందించడం మన ఇళ్లలో ఆచారమైపోయింది. ఆమె కడుపు మంచిది కాదంటారు. పుట్టింటికి పంపిన వారున్నారు, రెండో నిఖాకు సిద్ధపడిన వారున్నారు. ఈ జబ్బు సగం తండ్రిదని చెప్పాము కదా! భార్యను పంపివేసి మరొక దగ్గరి బంధువును చేసుకుంటే తన సగాన్ని అతను ఎక్కడ వదిలిపెట్టి వస్తాడు? తల్లి ఒక్కరి నుండే మగబిడ్డకు సంక్రమించే నరాల జబ్బులూ ఉన్నాయి. అయితే మాత్రం ఆమె ఏ తప్పు చేసింది? తన శరీరంలో ఏమున్నదో ఆమె ఎంచుకొని పుట్టలేదు.

ఇదంతా తఖ్దీర్ గదా, పరీక్షలెందుకు అనేవారికి హజ్రత్ ఉమర్ (రజి) ఏనాడో సమాధానమిచ్చారు. సిరియా దారిలో ప్లేగు వార్త విని వారు వెనుదిరిగినప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇదే ప్రశ్న అడిగారు. తాము అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే పోతున్నామని, పచ్చని గట్టున ఒంటెలను మేపినా, ఎండిన గట్టున మేపినా రెండూ ఆయన నిర్ణయమేనని వారు వివరించారు. కుందూ గట్టున గొర్రెలను మేపేవానికి ఈ మాట మరింత బాగా అర్థమవుతుంది.

ఎక్కడికి పోవాలి? మూలుగ మార్పిడి కొరకు దేశమంతా తిరగవలసిన పని లేదు. రాయవేలూరు సి.ఎం.సి.లో 1986 నుండి అది జరుగుతున్నది. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బుకు రోగి సొంత మూలకణాలలోకి జన్యువును పంపే చికిత్స ఫలితాలు 2024లో అక్కడి నుండే వెలువడ్డాయి. అంటే మిలాన్ విద్య మన పొరుగుకు వస్తున్నది. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన జబ్బుల జాతీయ విధానం తెచ్చింది. గుర్తించిన కేంద్రాలలో చికిత్స పొందే రోగికి 50 లక్షల రూపాయల వరకు సహాయం చేసేలా 2022లో దానిని మార్చారు. హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి., నిమ్స్ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. ఒక్కసారి చేసే మూలుగ మార్పిడితో మేలు కలిగే జబ్బుల జాబితాలో, తొలి దశలో ఉన్న అడ్రినోల్యూకోడిస్ట్రఫీ అనే మరొక నరాల జబ్బు కూడా ఉంది. ఇక్కడా ఆ షరతే: తొలి దశ.

పరీక్షల ఖర్చుకు, ప్రయాణానికి జకాత్ ఇవ్వవచ్చునా అని అడిగారు. కుటుంబం జకాత్‌కు అర్హమైనదైతే నిస్సందేహంగా ఇవ్వవచ్చు. మన హనఫీ ఫిఖ్హ్‌లో తమ్లీక్ షరతు ఉంది గనుక సొమ్మును ఆ తండ్రి చేతికి అందించండి, లేదా అతని అనుమతితో అతని తరఫున ఆసుపత్రికి చెల్లించండి. అయితే సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి ఫోటోకూ సొమ్ము పంపకండి. ఏ జబ్బు, ఏ ఆసుపత్రి, ఏ చికిత్స అని విచారించండి. నయం కాని దశలో మోసపు సూదికి చందా పోగుచేస్తే, మనమూ ఆ మోసానికి చేయూతనిచ్చినవారమే అవుతాము.

ఆ పాప ఇప్పుడు మంచంమీదనే ఉంది. నాలుగు గంటలకొకసారి ముక్కు గొట్టం ద్వారా ఆహారం. తల్లి రాత్రిళ్లు నిద్రపోదు. దైవప్రవక్త (స) తమ కుమార్తె బిడ్డ ఆఖరి శ్వాసలో ఉన్నప్పుడు ఒడిలోకి తీసుకొని కన్నీరు పెట్టుకున్నారు. అది అల్లాహ్ హృదయాలలో ఉంచిన కారుణ్యమని, చూసి ఆశ్చర్యపడినవారికి తెలిపారు. కాబట్టి ఆ తల్లి ఏడిస్తే సబర్ లేదని ఎవరూ అనకండి. పొరుగువారైతే ఒక పూట ఆమెను నిద్రపోనిచ్చి మీ ఇంటి ఆడవారిని ఆ బిడ్డ దగ్గర కూర్చోబెట్టండి.

యా అల్లాహ్! ఆ పసిబిడ్డ బాధను తేలిక చేయి. ఆ తల్లిదండ్రులు పోగొట్టుకున్నదానికి మేలైన ప్రతిఫలం ప్రసాదించు. పరిశోధనశాలల్లో రాత్రింబవళ్లు శ్రమిస్తున్న వారికి సరైన దారి చూపు. నిజం చెప్పవలసిన చోట మా నాలుకలకు ధైర్యమివ్వు. రోగగ్రస్తులైన మా పిల్లలందరికీ స్వస్థత ప్రసాదించు. ఆమీన్.

వరుసలు సరిచేసుకోండి. ముఅజ్జిన్ గారూ, ఇఖామత్ చెప్పండి.